'తాకరాదు' అన్న బోర్డు వెనుక

హైదరాబాద్ సాలార్‌జంగ్ మ్యూజియంలో జనం గుమిగూడి కాచుకునేది ఏ వర్ణచిత్రం ముందూ కాదు, ఒక గడియారం ముందు. గంట కొట్టే వేళకు గడ్డమున్న చిన్న బొమ్మ లోపలి నుంచి వచ్చి గంట మోగించి వెళ్తుందని, పిల్లల్ని భుజాలకెత్తుకుని మరీ నిలబడతారు. అదే భవనంలో ఇటలీ శిల్పి బెంజోనీ చెక్కిన 'ముసుగు రెబెకా' ఉంది. ముఖం మీద పల్చటి మేలిముసుగు, దాని కింద ముక్కు, పెదవి. ముసుగూ ముఖమూ అంతా పాలరాయేనని తెలిసినా కన్ను ఒప్పుకోదు. ఆ సందేహం తీర్చగలిగింది చెయ్యి ఒక్కటే, దానికే అక్కడ అనుమతి లేదు. కళను కంటితోనే అనుభవించాలన్న అలవాటు మనలో ఎంత ముదిరిందంటే, ఈ ఏర్పాటులో వింత ఉందని కూడా తోచదు. ఈ అలవాటుకు ఎదురుతిరిగిన కళాకారులు, ప్రదర్శనశాలలు, పరిశోధకులు గత నూరేళ్లలో చాలామందే ఉన్నారు. వాళ్లు చేసినదంతా ఒకచోట పెట్టి చూస్తే (చూస్తే అనక తప్పడం లేదు, తెలుగులో రుచీ చూస్తాం, వాసనా చూస్తాం, తాకీ చూస్తాం) ఒక సంగతి తేలుతుంది. మన ముక్కూ చెవీ చర్మమూ నాలుకా ఏమీ మొద్దుబారలేదు, కళ దగ్గర వాటికి పని తీసేశారంతే. పని తిరిగి ఇచ్చిన చోట అవి లేచి నిలబడ్డాయి. తోడుపెళ్లికొడుకులా పక్కన కూర్చోబెట్టిన చోట తేలిపోయాయి.

మొద్దుబారలేదనడానికి సాక్ష్యం కోసం ప్రయోగశాల దాకా పోనక్కర్లేదు. కళ్లంలో రైతు వడ్లగింజను పంటికింద కొరికి, ఇంకా ఎండాలా చాలా అన్నది చెబుతాడు. చీర కొనే మనిషి రంగు నచ్చాక కూడా అంచును బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నలిపి గాని ధర అడగదు. పొయ్యి మీద పప్పు అడుగంటిందని పక్కగదిలో ముక్కే పసిగడుతుంది. గోల్కొండ కోట ఫతే దర్వాజా దగ్గర చప్పట్లు కొట్టకుండా ఎవరూ ముందుకు సాగరు, ఆ చప్పుడు పైన బాలాహిసార్ దాకా వినిపిస్తుందన్న మాట నిజమా కాదా తేల్చుకోవాలి కాబట్టి. బతుకులో ఇంత పని చేసే ఇంద్రియాలు ప్రదర్శనశాల గుమ్మం దగ్గర చెప్పులతో పాటు బయటే ఆగిపోతున్నాయంటే, తప్పు వాటిలో వెతకడం దండగ.

ఈ నియమం అనాదిగా ఉన్నదేమీ కాదు. ఆక్స్‌ఫర్డ్‌లో 1683లో తలుపులు తెరిచిన ఆష్మోలియన్ మ్యూజియంలో తొలినాళ్లలో వచ్చినవాళ్లు వస్తువుల్ని ఎత్తి, తిప్పి, తడిమి చూసేవారు. 1710లో అక్కడికి వెళ్లిన జర్మన్ యాత్రికుడు ఉఫెన్‌బాఖ్, జనం అన్నిటినీ పట్టి లాగుతున్నారని, డబ్బులు తీసుకుని ఆడవాళ్లను కూడా రానిస్తున్నారని చిరాకుపడుతూ రాసుకున్నాడు. ఆ విసుగులోనే తర్వాతి కథంతా ఉంది. స్పర్శ చరిత్ర రాసిన కాన్‌స్టన్స్ క్లాసెన్ చూపించినట్టు, మ్యూజియంలు సామాన్యులకు తెరుచుకున్నకొద్దీ అద్దాల పెట్టెలు, తాళ్లు, కాపలావాళ్లు పెరిగారు. పెద్దమనిషి తాకితే పరిశీలన, కూలివాడు తాకితే మురికి. తత్వవేత్తలూ దీనికి తమ వంతు ముద్ర వేశారు. వాసన అన్నిటికన్నా తక్కువ ఉపకారం చేసే ఇంద్రియమని, లేకపోయినా నష్టం లేదని కాంట్ తేల్చేశాడు. కళ దృష్టికీ శ్రవణానికీ మాత్రమే సంబంధించిందని హెగెల్ గీత గీశాడు. వాళ్లకు ముందే 1749లో అంధుల గురించి లేఖ రాసిన దిదెరో, 1778లో శిల్పం అసలు స్పర్శ సొత్తేనని వాదించిన హెర్డర్ ఉన్నారు గాని, గెలిచింది గీత గీసినవాళ్లే.

ఇక్కడ మనవాళ్లకు ఒక గర్వం పొంగుకొస్తుంది. మన అలంకారశాస్త్రం మొదలయ్యిందే నాలుకతో కదా అని. నిజమే. నాట్యశాస్త్రం ఆరో అధ్యాయంలో భరతుడు రసమంటే ఏమిటో చెప్పడానికి తెచ్చుకున్న పోలిక భోజనమే. నానా వ్యంజనాలు కలిసిన అన్నాన్ని ఆస్వాదించినట్టు ప్రేక్షకుడు భావాల్ని ఆస్వాదిస్తాడన్నాడు. కామసూత్రం చెప్పే అరవై నాలుగు కళల్లో గంధయుక్తి, అంటే పరిమళాల్ని కూర్చడం, ఒకటి. ఆరో శతాబ్దంలో వరాహమిహిరుడు బృహత్సంహితలో ఒక అధ్యాయమే దానికి కేటాయించాడు. పదహారు ద్రవ్యాలు తీసుకుని, వాటిలో నాలుగేసి చొప్పున, వేర్వేరు పాళ్లలో కలిపితే ఎన్ని సుగంధాలు పుడతాయో లెక్కగట్టాడు. గణితచరిత్ర రాసేవాళ్లు ఈ లెక్కను మెచ్చుకుంటారు. అది కళ లెక్క కూడా అన్నది ఎందుకో ఎవరికీ పట్టదు. కొండవీటి కుమారగిరి రెడ్డి వసంతోత్సవాలకు కర్పూరం, కస్తూరి, చందనం సరఫరా చేసిన అవచి తిప్పయ్యసెట్టికే శ్రీనాథుడు హరవిలాసం అంకితమిచ్చాడు. ఆ రాజుకు కర్పూర వసంతరాయలన్న బిరుదే మిగిలింది. సుగంధ వ్యాపారి కావ్యానికి కృతిభర్త కావడం, పరిమళం రాజుకు బిరుదు కావడం, ఒక కాలపు అభిరుచి ఎక్కడ నిలబడిందో చెప్పే ఆధారాలు.

అయితే దీన్ని పట్టుకుని మన దగ్గర అన్నీ ఉండేవి, పడమటివాళ్లే కంటికి బానిసలయ్యారు అనడం సగం నిజం. ఆ కర్పూరం ఎవరి మీద చల్లారో, ఎవరు దూరంగా నిలబడ్డారో కూడా అడగాలి. స్పర్శను చట్టంలా కాపలా కాసిన సమాజం మనది. 'తాకరాదు' అన్న బోర్డు మ్యూజియంలో వస్తువుకు పెట్టకముందే ఊళ్లో మనిషికి పెట్టారు. అంటరానితనాన్ని స్పర్శ తత్వం వైపు నుంచి తరచి చూసిన గోపాల్ గురు, సుందర్ సారుక్కై పుస్తకం 2012లో వచ్చింది. ఇంద్రియాల గురించి భారతదేశంలో మాట్లాడే వ్యాసం దేనికైనా ఆ చర్చ తప్పదు. డప్పునే తీసుకోండి. వాయించబోయే ముందు మంట వేసి దాన్ని కాస్తారు. వేడికి తోలు బిగుసుకుని గొంతు విప్పుతుంది. కాసేటప్పుడు చేత్తో తట్టి, బిగువు సరిపోయిందో లేదో అరచేతితోనే తెలుసుకుంటారు. ఒక చేత సిర్ర, ఇంకో చేత చిటికెన పుల్ల. ఆ దెబ్బ చెవికన్నా ముందు గుండెల్లో పడుతుంది, దగ్గర నిలబడితే పొట్ట అదురుతుంది, కాలిన గడ్డి వాసన, తోలు వాసన కలిసి వస్తాయి. బహుళ ఇంద్రియ కళ అని ఈ రోజు పెద్ద నగరాల గ్యాలరీలు దేనికి పేరు పెడుతున్నాయో దానికి ఇంతకన్నా నిండైన ఉదాహరణ నాకు తోచదు. కాని ఆ తోలు, ఆ చేతులు ఎవరివన్న లెక్కతో దాన్ని శాస్త్రీయమన్న గడప బయటే ఉంచారు. కాబట్టి మన దగ్గర స్పర్శనూ వాసననూ కళలోకి తిరిగి పిలవడమంటే అభిరుచిని విస్తరించుకోవడంతో తీరే పని కాదు. ఎవర్ని తాకకూడదన్నామో, ఏ వాసనకు ముక్కు మూసుకున్నామో ఆ పద్దు కూడా విప్పాలి.

ఇరవయ్యో శతాబ్దపు ప్రయత్నాల్లో ఇటలీ ఫ్యూచరిస్టు మరినెట్టి 1921లో ప్రకటించిన స్పర్శవాదం ముందు వరుసలో ఉంటుంది. గరుకు, నునుపు, చల్లన వరుసలుగా పేర్చిన పలకలు తయారుచేశాడు గాని ఆయన ప్రకటనలే ఆయన పలకల కన్నా గట్టివి. అసలు మలుపు బ్రెజిల్‌లో వచ్చింది. లీజియా క్లార్క్ 1960 ప్రాంతంలో చేసిన 'బిషోస్', అంటే జంతువులు, మడతబందులతో కలిపిన లోహపు రేకులు. చేతిలోకి తీసుకుని తిప్పితేనే వాటికి రూపం వస్తుంది. ఒకవైపు వంచితే ఇంకోవైపు తనంతట తాను లేస్తుంది, ఆ వస్తువు మనతో తగువాడినట్టుంటుంది. ఆమె సహచరుడు ఎలియో ఒయిటిసికా 1964 నుంచి చేసిన 'పరంగోలేలు' తొడుక్కుని ఆడాల్సిన వస్త్రాలు, గోడకు తగిలిస్తే గుడ్డపేలికలు. ఈ ఇద్దరి దగ్గరా కన్ను పనికిరాకపోలేదు, పెత్తనం పోయింది. వాళ్ల బాటలోనే వచ్చిన ఎర్నెస్తో నేతో మేజోడులాంటి సాగే గుడ్డలో పసుపు, లవంగాలు, జీలకర్ర నింపి కప్పు నుంచి పెద్దపెద్ద చుక్కల్లా వేలాడదీస్తాడు. 2012లో కొచ్చి తొలి బినాలేలోనూ ఆయన పని ఉంది. యూరప్ గ్యాలరీలో దూరదేశపు మత్తులా తోచే ఆ వాసన కొచ్చిలో కిరాణాకొట్టు వాసన. వాసనకు అందరికీ ఒకే అర్థం ఉండదన్న పాఠం ఆయన ఉద్దేశించాడో లేదో గాని, ఆ పని మాత్రం చెప్పింది.

నా లెక్కలో ఈ మొత్తం చరిత్రలో అన్నిటికన్నా కటువైన, అన్నిటికన్నా నిజాయితీ గల పని నార్వేకు చెందిన సిసెల్ టోలాస్‌ది. 2006లో అమెరికాలోని ఎంఐటీ గ్యాలరీలో ఆమె తీవ్రమైన భయాలున్న మగవాళ్ల చెమటను సేకరించి, దాని అణువుల్ని విశ్లేషించి, ఆ వాసనను రసాయనికంగా తిరిగి తయారుచేసి, కంటికి కనపడని గుళికలుగా గోడ రంగులో కలిపింది. గదిలోకి వెళ్తే తెల్ల గోడలు తప్ప ఏమీ లేదు. గోడను చేత్తో రుద్దితే ఒక మనిషి భయం లేస్తుంది. అక్కడ బొమ్మ లేదు, కథ లేదు, సంగీతం లేదు. ముక్కు పని చేయకపోతే ఆ ప్రదర్శన ఖాళీ గది. నేను పెట్టే పరీక్ష ఇదే: ఆ ఇంద్రియాన్ని తీసేస్తే కృతి కూలిపోవాలి. కూలకపోతే అది పైపూత.

ఈ పరీక్షకు నిలవనివి చాలానే ఉన్నాయి, విమర్శకుల ప్రధాన అభ్యంతరం కూడా వాటి మీదే. 2015లో లండన్ టేట్ బ్రిటన్‌లో నాలుగు చిత్రాలకు వాసనలు, ధ్వనులు, స్పర్శలు జతచేసిన 'టేట్ సెన్సోరియం' జరిగింది. ఫ్రాన్సిస్ బేకన్ చిత్రం ముందు నిలబెట్టి చాక్లెట్ తినిపించారు. సరదా ఆలోచనే. కాని ఆ చాక్లెట్ లేకపోతే బేకన్‌కు తరిగేదేమీ లేదు, ఆ చిత్రం లేకపోయినా చాక్లెట్ చాక్లెట్టే. ఇక వాన్‌గో చిత్రాల్ని గోడల మీదా నేల మీదా కాంతి బొమ్మలుగా పరిగెత్తించి, మునిగి తేలే అనుభవమని టికెట్లు అమ్మే ప్రదర్శనల్లో మిగతా ఇంద్రియాలకు పెద్దగా పని లేదు, కన్నుకే మరింత మేత. కాబట్టి ఇదంతా ఆకర్షణల కిటుకు అన్నవాళ్ల మాటలో బలం ఉంది. ఆ బలం ఆ ప్రదర్శనల వరకే. చెడ్డ చిత్రాలున్నాయని చిత్రకళను కొట్టేయం కదా.

దీనికన్నా లోతైన అభ్యంతరం హెగెల్ నాటిది. వాసనకూ రుచికీ వ్యాకరణం లేదు, వాటితో ఏమీ నిర్మించలేం, అవి వచ్చి పోయే సుఖాలు. 2012లో న్యూయార్క్ మ్యూజియం ఆఫ్ ఆర్ట్స్ అండ్ డిజైన్‌లో చాండ్లర్ బర్ ఏర్పాటుచేసిన సుగంధాల ప్రదర్శన దీనికి నేరుగా జవాబివ్వబోయింది. ఖాళీ తెల్ల గోడల్లో గుంటలు, తల వంచితే ఒక్కో గుంట నుంచి ఒక్కో ప్రసిద్ధ పరిమళం. సీసాలు లేవు, ప్రకటనలు లేవు. పరిమళాన్ని కర్త ఉన్న రచనగా చదవమన్నాడు. వ్యాపార సరుకును కళగా నిలబెడుతున్నాడన్న గొణుగుడు తప్పలేదు, అందులో కొంత న్యాయమూ ఉంది. అయినా వ్యాకరణం లేదన్న మాట మాత్రం ఇప్పుడు నిలవదు. వాసన మాటల్లోకి రాదన్న పాత నమ్మకాన్ని మలేషియా అడవుల్లో వేటాడి బతికే జహాయ్ ప్రజల భాష మీద ఆసిఫా మజీద్, నిక్లాస్ బురెన్‌హుల్ట్ 2014లో ప్రచురించిన పరిశోధన వమ్ముచేసింది. ఇంగ్లీషువాళ్లు వాసనల్ని పేరుపెట్టి చెప్పలేక తడబడ్డచోట, జహాయ్‌లు రంగుల పేర్లు చెప్పినంత సులువుగా చెప్పారు. లోపం ముక్కులో లేదు, అభ్యాసంలో ఉంది. తెలుగు కూడా ఈ విషయంలో మరీ బీదది కాదు. నీచువాసన, ముక్కిన వాసన, పచ్చివాసన, మాడువాసన, కమురువాసన, పులిసిన వాసన. వీటిలో ఒకదాని బదులు ఇంకొకటి ఏ వంటింట్లోనూ చెల్లదు. మన కళావిమర్శలో ఈ మాటలు ఒక్కటీ కనపడవు. వర్ణం, రేఖ, సమతూకం అన్న మాటలతోనే బండి నడిపిస్తాం.

విజ్ఞానశాస్త్రం వైపు నుంచి వచ్చిన అతి ముఖ్యమైన సాక్ష్యం మన దేశంలోనే పుట్టింది. పుట్టుగుడ్డి మనిషి గోళాన్నీ ఘనాన్నీ తాకి తెలుసుకున్నాక, చూపు వస్తే కంటితో వాటిని గుర్తుపడతాడా అని ఐర్లండ్ పండితుడు మాలినూ 1688లో తత్వవేత్త లాక్‌ను అడిగాడు. మూడు శతాబ్దాల పాటు అది చాలావరకు ఊహల మీదే నడిచింది. మెదడు శాస్త్రవేత్త పవన్ సిన్హా నడిపిన 'ప్రాజెక్ట్ ప్రకాశ్' కింద పుట్టుకతో చూపులేని పిల్లలకు భారతదేశంలో ఆపరేషన్లు చేశారు. వారిలో ఎనిమిది నుంచి పదిహేడేళ్ల మధ్య వయసున్న ఐదుగురిని పరీక్షించి 2011లో ఫలితాలు ప్రచురించారు. తాకినదాన్ని తాకి గుర్తుపట్టారు, చూసినదాన్ని చూసి గుర్తుపట్టారు. తాకినదాన్ని కంటితో పోల్చమంటే మాత్రం దాదాపు గుడ్డిగా ఊహించినట్టే జవాబిచ్చారు. కొద్ది రోజులు గడిచేసరికి ఆ పనీ వచ్చేసింది. ఇంద్రియాల మధ్య దారులు పుట్టుకతో వేసినవి కావని, నడిచేకొద్దీ పడతాయని దీనర్థం. బ్రెయిలీ చదివే అంధుల మెదడులో చూపుకు కేటాయించిన భాగమే వేళ్ల స్పర్శకు స్పందిస్తోందని 1996లోనే తేలింది. నడవని దారి పూడుకుపోతుంది, నడిస్తే మళ్లీ పడుతుంది. కళ ఆ నడక.

ఆ నడకను ఒక జీవితంలో చూపాలంటే శాంతినికేతన్ చిత్రకారుడు వినోద్ బిహారీ ముఖర్జీ దగ్గర ఆగాలి. 1904లో పుట్టాడు. చిన్ననాటి నుంచీ ఒక కన్ను లేనట్టే, రెండోదాని చూపు బాగా మందం. ఆ చూపుతోనే 1946-47లో హిందీభవన్ గోడల మీద మధ్యయుగ సాధుసంతుల బృహత్తర కుడ్యచిత్రం వేశాడు. యాభై దాటాక కంటి ఆపరేషన్ విఫలమై ఉన్న చూపూ పోయింది. అక్కడితో ఆగిపోతే మనం జాలిపడి ఊరుకునేవాళ్లం. ఆయన కాగితం కత్తిరించి అతికించడం మొదలుపెట్టాడు, మైనంతో బొమ్మలు చేశాడు, కాగితాన్ని మడిచి మనిషి ఆకారాలు తీశాడు. 1972లో కళాభవన్ గోడకు పింగాణీ పలకలతో పెద్ద కుడ్యచిత్రం కూర్చాడు. ఒకప్పుడు ఆయన శిష్యుడైన సత్యజిత్ రాయ్ అదే ఏడు ఆయన మీద 'ది ఇన్నర్ ఐ' అనే చిన్న చిత్రం తీశాడు. ఆ కాగితపు పనుల్లో గమనించాల్సింది అంచు. గీత అయితే కంటికే తెలుస్తుంది, కత్తిరించిన అంచు వేలికి తెలుస్తుంది. కాబట్టి వాటి రూపాలు పెద్దవి, అంచులు నిక్కచ్చి, ఒకదాని మీద ఒకటి పడిన పొర మందం కూడా అర్థంలో భాగం. చూపున్నప్పటి పనికి అది లోటుగా మిగిలిన రూపం కాదు, మరో వ్యాకరణం. అంధత్వం వల్ల ఆయనకు దివ్యదృష్టి వచ్చిందనే భక్తి కబుర్లు చెప్పడం కూడా ఆయన్ని తక్కువ చేయడమే. వచ్చింది దివ్యదృష్టి కాదు, రోజూ చేసిన సాధన.

మిగిలింది సంరక్షకుల అభ్యంతరం, అన్నిటిలోనూ గట్టిది. చేతి చెమట, నూనె, ఉప్పు రాతినీ లోహాన్నీ తింటాయి. హంపీ విఠలాలయంలో యాభై ఆరు సంగీత స్తంభాల్ని జనం తట్టీ తట్టీ పాడుచేస్తున్నారని తట్టడమే నిషేధించాల్సి వచ్చింది. మోగడానికి నిలబెట్టిన స్తంభాలు ఇప్పుడు మౌనంగా చూడ్డానికే. లీజియా క్లార్క్ 'జంతువుల'కూ ఇదే గతి పట్టింది. చేతుల కోసం పుట్టిన అసళ్లను దూరం పెట్టి, 2014లో న్యూయార్క్ ఆధునిక కళా మ్యూజియం (మోమా) ప్రదర్శనలో నకళ్లను చేతికిచ్చారు. ఈ అభ్యంతరాన్ని కాదనలేం, కాదనక్కర్లేదు కూడా. అసలును కాపాడటం, ఆకారాన్ని పంచడం రెండు వేర్వేరు పనులు. ఇటలీ అంకోనాలో అంధ దంపతులు ఆల్డో గ్రస్సీనీ, డానియేలా బొత్తెగోనీ 1993లో మొదలుపెట్టిన ఒమేరో మ్యూజియంలో గ్రీకు శిల్పాల నుంచి మైకలాంజెలో దాకా నకళ్లను రెండు చేతులా తడమొచ్చు. 1999లో దాన్ని ప్రభుత్వ మ్యూజియంగా గుర్తించారు. మడ్రిడ్‌లోని ప్రాడో మ్యూజియం 2015లో ఆరు చిత్రాల్ని ఉబ్బెత్తుగా ముద్రించి వేళ్లకు అందించి, చూపున్నవాళ్లకు నల్లద్దాలిచ్చింది. అదే ఏడు ఢిల్లీ జాతీయ మ్యూజియంలో ఇరవై రెండు నకళ్లతో 'అనుభవ్' గ్యాలరీ తెరిచారు. నకలు నకలే కదా అంటారు. పాఠ్యపుస్తకంలో అజంతా ఫొటో చూసి పెరిగిన మనకు, కంటికి నకలు చెల్లినప్పుడు చేతికి ఎందుకు చెల్లదో చెప్పాలి.

2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో చూపు లోపం ఉన్నవాళ్లు 50 లక్షల పైనే. వికలాంగుల సాంస్కృతిక జీవనానికి కళను అందుబాటులోకి తేవాలని 2016 వికలాంగుల హక్కుల చట్టం 29వ సెక్షన్ ప్రభుత్వాల్ని ఆదేశిస్తోంది. అయితే నల్లద్దాలు పెట్టుకున్న మడ్రిడ్ సందర్శకుడికి కూడా ఇలాంటి గ్యాలరీ అంతే అవసరమని మరిచిపోకూడదు. రెండు తెలుగు రాష్ట్రాల మ్యూజియం అధికారులు ఒక్క పనితో మొదలుపెట్టవచ్చు: ప్రతి మ్యూజియంలో ఒక బల్ల, దాని మీద పది నకళ్లు, పక్కన బ్రెయిలీలోనూ పెద్ద అక్షరాల తెలుగులోనూ నాలుగు మాటలు, 'తాకండి' అన్న బోర్డు. ఆ పదిలో మొదటిది రెబెకా ముసుగు కావాలి.